పదో గిన్నె

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

అర్ధరాత్రి ఒక్కటే క్షుద్రవేళ అనుకునేవాళ్లు అమాయకులు. మనిషి నీడ పాదాల కింద దాక్కునే మిట్టమధ్యాహ్నం కూడా భూతప్రేత పిశాచగణాలు విచ్చలవిడిగా సంచరించే ఘడియే! అందుకే అడవి పల్లెల్లో ఆ వేళ పసిపిల్లల్ని గడప దాటనివ్వరు. నమ్మకపోతే మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి.

భూపాలపల్లి దాటి చాలా దూరం పోయాక డాంబరు రోడ్డు ఆగిపోయి, ఎర్రమట్టి బాట టేకు అడవిలోకి దూరుతుంది. ఆ బాట చివర ఒక లాడ్జి. లాడ్జి వెనక శిథిలమైన రాతిమండపం... దాని పక్కన నిలువెత్తు గొయ్యి... ఆ గోతిలో నల్లపంచె కట్టుకుని, నుదుట నెత్తురు రంగు బొట్టుతో ఒక మనిషి పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు! అతని ఎదుట సిందూరం పులిమిన కపాలం! మబ్బు తునక లేని ఆకాశంలో ఫెళఫెళమని ఉరుము! పట్టపగలు గుడ్లగూబ ఘూంకారం!

అతని పేరు వెంకట్రాం. పైకి లాడ్జి యజమాని. లోపల మాత్రం, ఆ మండపం కింద కాకతీయుల నాటి గుప్తనిధి ఉందని నమ్మి, దాన్ని కాచే ధనపిశాచిని మూడేళ్లుగా ఉపాసిస్తున్న దురాశాపరుడు.

"తొమ్మిది అందాయి..." కపాలపు దవడల మధ్య నుంచి ఒక కర్కశ స్వరం వెలువడింది. "పదోది ఏదిరా? రేపు ఆదివారం అమావాస్య! రేపటి మధ్యాహ్నం దాటితే మళ్లీ పన్నెండేళ్లు ఆగాలి!"

"దొరుకుతుంది... దొరికి తీరుతుంది!" అన్నాడు వెంకట్రాం.

సరిగ్గా ఆ క్షణంలోనే గేటు దగ్గర కారు హారన్ మోగింది. వెంటనే ఒక కుక్క మొరిగింది. వెంకట్రాం పెదవులు విచ్చుకున్నాయి. గోతిలోంచి పైకి ఎక్కి, బొట్టు తుడుచుకుని, పూల చొక్కా తొడుక్కుని స్వాగతం పలకడానికి బయల్దేరాడు.

కారులో వచ్చినవాళ్లు ముగ్గురు. జనగామలో బీమా కంపెనీ ఉద్యోగి మహీధర్, తరిగొప్పుల ఆడపడుచు అయిన అతని భార్య అరుంధతి, వాళ్ల నల్ల కుక్క కర్రెన్న. కుక్కను కూడా మనుషుల లెక్కలో కలిపాడేమిటి అనుకోకండి. ఆ ఇంట్లో వాడి లెక్క అదే. ఇద్దరికీ రెండు రోజులు సెలవు దొరికింది. ఫోన్ చేసిన నాలుగు చోట్లా "కుక్కా? వద్దు సార్" అన్నారు. ఈ ఒక్కచోట మాత్రం "పెంపుడు జంతువులకు సాదర స్వాగతం!" అని ప్రకటన. నెట్‌లో దాని కింద తొమ్మిది మంది ఐదేసి చుక్కల రేటింగు ఇచ్చారు. భోజనం ఎలా ఉందో, పడక ఎలా ఉందో ఒక్కరూ రాయలేదు. ఆ సంగతి మహీధర్ గమనించనే లేదు.

"రండి సార్, రండి మేడం!" వెంకట్రాం టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగులో పలికాడు. రిజిస్టర్ తెరిచాడు. "శునకం గారి నామధేయం?"

"కర్రెన్న," అంది అరుంధతి నవ్వుతూ.

"తల్లి పేరు?"

మహీధర్ పకపకా నవ్వాడు. "కుక్కకు తల్లి పేరేంది సార్? గది కాల్వగట్టు మీద దొరికింది."

"ఎందుకు లేదు?" అరుంధతికి రోషం వచ్చింది. "నేనే వీని తల్లిని. అరుంధతి అని రాయుండ్రి."

అయ్యో... అయ్యో తల్లీ! కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? మనిషి పేరూ, తల్లి పేరూ మంత్రగాడి చేతికిస్తే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. మన అవ్వలకు ఈ సంగతి తెలుసు. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే తల్లి పేరు చచ్చినా చెప్పేవాళ్లు కాదు. ఈ కాలంలో కుక్కను పెంచే ప్రతి ఆడమనిషీ "మమ్మీ దగ్గరికి రా" అంటుందని వెంకట్రాంకు బాగా తెలుసు. ఆ ఒక్క మాట కోసమే వాడు లాడ్జి కట్టాడు!

అరుంధతి పేరు కాగితం మీద పడగానే అడవిలో గాలి ఆగిపోయింది. మంచినీళ్లు తెచ్చిన వంటమనిషి వీరమ్మ చేతిలోని గ్లాసు జారి కింద పడింది.

ఇక ఆ లాడ్జి వైభవం చెప్పాలా! ఫోటోలో నీలంగా మెరిసిన ఈతకొలను నిజానికి ఎండాకులు నిండిన గుంట. ఏసీ ఉంది, దానికి తీగ లేదు. దుప్పటి మీద పాత మరకలు. 'అడవి కనిపించే కిటికీ' తెరిస్తే మరుగుదొడ్డి గోడ. 'సేంద్రియ భోజనం' అంటే చల్లారిన పప్పు, నీళ్ల చారు.

"పైన పటారం లోన లొటారం!" మహీధర్ పళ్లు కొరికాడు. "ఒక్క చుక్క గూడ ఇయ్య నేను వీనికి."

అంతలో పక్క గదిలోంచి గుర్రుమని మిషన్ చప్పుడు. పెళ్లిలో పెట్టే స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ అది. కాసేపటికి వీరమ్మ కొత్త గిన్నెలో పాలన్నం తెచ్చి కర్రెన్న ముందు పెట్టింది. గిన్నె అంచు మీద చుక్కల అక్షరాలు... 'కర్రెన్న, తల్లి అరుంధతి.'

"గిదొక్కటన్న మంచిగున్నది," అని అరుంధతి మురిసింది. కర్రెన్న మాత్రం గిన్నెను వాసన చూసి, తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని, మోర పైకెత్తి ఏడ్చాడు. కుక్క ఏడుపు విన్నారా ఎప్పుడైనా? ఎవరి ఇంట్లోనైనా వింటే గుండె జారిపోతుంది.

అరుంధతి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ అటక మీద వరుసగా బోర్లించిన తొమ్మిది గిన్నెలు కనిపించాయి. రాణి, తల్లి శ్రీలత... జాకీ, తల్లి కీర్తన... అన్నిటి మీదా దుమ్ము.

"ఈ కుక్కలు మళ్ల మళ్ల వస్తుంటయా అవ్వా?"

"మళ్ల వచ్చుడేంది బిడ్డా," వీరమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. "ఎక్కడికన్న పోతె గద వచ్చుడు! ఆ గోతిల్నే ఉన్నయి. వాడు మంత్రగాడు. నీ పేరు చెప్పి వాని మంత్రపు కట్టుల పడ్డవు. ఇంక పొద్దున్నది, ఉరుకు! కట్టు పూర్తిగ బిగియకముందే ఉరుకు!"

ఉరికారు. సామాను సగం గదిలోనే వదిలేసి ముగ్గురూ కారెక్కారు. కారు గేటు దాకా దూసుకుపోయి... టక్కున ఆగిపోయింది! మళ్లీ స్టార్ట్ చేశాడు మహీధర్. మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. "నువ్వు జర దిగు," అన్నాడు. అరుంధతి, కర్రెన్న దిగారు. ఈసారి కారు గేటు దాటి హాయిగా రోడ్డు మీదికి వెళ్లింది!

అరుంధతి నడిచి దాటబోయింది. గేటు గీత మీద పాదం పెట్టబోయేసరికి బొడ్డు దగ్గర ఎవరో తాడు కట్టి వెనక్కి లాగినట్టయింది. ఊపిరి ఆడలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. కర్రెన్న కూడా ఆ గీత దగ్గరే కూలబడి కుయ్యోమన్నాడు. మహీధర్ గేటు దాటి బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. అతనికి ఏమీ కాలేదు.

"ఎందుకు మేడం శ్రమ?" వెనక నుంచి వెంకట్రాం గొంతు. చిరునవ్వు అలాగే ఉంది. "రేపు మధ్యాహ్నం గోతి దగ్గరికి వచ్చి మూడుసార్లు 'ఇచ్చిన' అనండి. నేను కుక్కను తీసుకుంటాను. మీరు మీ ఇంటికి వెళ్లవచ్చు. తొమ్మిది మందీ అలాగే వెళ్లారు. వెళ్లి, నా మంత్రానికి కట్టుబడి ఐదు చుక్కలు కూడా పెట్టారు!"

"ఇయ్యకపోతే?"

అంతే! టీవీ తెలుగు ఊడిపోయింది. "ఇయ్యకపోతె ఇక్కడ్నే పడి ఉండు! దొంగిలించిన కుక్క ధనపిశాచికి పనికిరాదు, కొన్నది పనికిరాదు. పెంచిన తల్లి తన నోటితోని ఇయ్యాలె. గా వీరమ్మను అడుగు, చెప్తది!"

వీరమ్మ చెప్పింది. ఆమెది నర్సింహులపేట. మూడేళ్ల కిందట కూలికి వస్తూ ముసలి కుక్కను వెంట తెచ్చుకుంది. వాడు అడిగితే ఇయ్యనంది. కుక్క ఈ ఆవరణలోనే వయసు మీద పడి చచ్చిపోయింది. "ఇచ్చిన" అనే మాట ఆమె నోట రాలేదు గనుక కట్టు విడిపోలేదు. మనుమరాలి పెళ్లికీ పోలేదు, పెనిమిటి దినానికీ పోలేదు. గేటు దాకా నడవడం, ఏడుస్తూ తిరిగి రావడం, ఇదే ఆమె బతుకు.

"అప్పుడు నోరు కట్టే విద్య వీనికి రాదు," అంది వీరమ్మ. "ఇప్పుడు వచ్చింది. నువ్వు అననన్నా రేపు నీ నాలుకతోని అనిపిస్తడు."

మహీధర్ సాయం కోసం కారులో పరుగెత్తాడు. సెల్లుకు సిగ్నల్ అందేదాకా కోసుల దూరం పోయాడు. కానీ ఫోన్ చేసి ఎవరికి ఏమని చెప్పాలి? నా భార్య కాలు గేటు దాటడం లేదంటే ఎవరైనా "ఎంత తాగినవన్నా?" అనే అంటారు. తెల్లవారేసరికి ఒంటరిగా తిరిగి వచ్చాడు. కర్రెన్నను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న భార్య పక్కన కూలబడ్డాడు.

"అరుంధతీ... నేను చెప్పేది జర ఇను. కుక్కనే గద! ఇచ్చెయ్యి. ఇంకోటి తెచ్చుకుందం."

"ఇంకోటా?" ఆమె అతని ముఖంలోకి చూసింది. "వీనికి రక్తవిరేచనాలు అయితె ఘన్‌పూర్ పశువుల దవాఖానల ఏడు రోజులు సెలైన్ సీసా పట్టుకోని నిలబడ్డ. మన బిడ్డ రక్షితను హాస్టల్ల దింపి వచ్చిన నాడు నేను అన్నం ముట్టకపోతె వీడు గూడ ముట్టలేదు. మీరు తిన్నరు. పెరుగేసుకోని మల్లొకసారి తిన్నరు!"

మహీధర్ తల దించుకున్నాడు. తిన్న మాట నిజమే. అయినా అతనికి కావలసింది భార్య. ఆమె ఈ పాడుకొంపలో వీరమ్మలా ముసలిదైపోతుందన్న భయంతో అతనికి కన్నీళ్లు ఆగలేదు. ఆమెకూ భయంగానే ఉంది. కూతురి ముఖం మళ్లీ చూడగలనా అనుకుంటూనే కర్రెన్న చెవి నిమురుతూ కూర్చుంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు!

గోతిలో గుగ్గిలం పొగ సుడులు తిరిగింది. "హ్రీం... క్రీం... ఫట్! ధనపిశాచీ... రా! రా!" వెంకట్రాం మంత్రోచ్చారణకు అడవి దద్దరిల్లింది. నిర్మలాకాశాన్ని చీలుస్తూ ఉరుము మీద ఉరుము! చెట్టుచెట్టుకూ గుడ్లగూబలు! కపాలపు కనుగుంటల్లో నిప్పు రాజుకుంది!

మెట్ల మీద అరుంధతి లేచి నిలబడింది. తాను లేవలేదు... లేపబడింది! జుట్టు ముడి దానంతట అదే విడిపోయి విరబోసుకుంది. కనుగుడ్లు నిలిచిపోయాయి. పాదాలు ఈడ్చుకుంటూ గోతి వైపు సాగాయి. మహీధర్ నడుము పట్టుకుని ఆపబోతే అతన్నీ ఈడ్చుకుపోయింది. కర్రెన్నకు తాడు కట్టలేదు. ఎవరూ లాగలేదు. అమ్మ పోతోంది గనుక వాడు ఆమె వెనకాలే తోక ఊపుకుంటూ పోయాడు.

ఎంత ఘోరం! వాడికి చావు తెలియదు, మంత్రం తెలియదు. తెలిసిందల్లా ఆ మనిషి మడమలు.

వాళ్లిద్దరూ గోతి మెట్లు దిగారు. మహీధర్‌ను కనిపించని చెయ్యి ఏదో ఒడ్డు మీదికి విసిరికొట్టింది.

"కర్రెన్న తల్లివి అరుంధతీ! ఇచ్చినవా?" వెంకట్రాం గర్జించాడు.

నోరు బిగించింది అరుంధతి. పెదవి తెగి రక్తం కారింది. అయినా నాలుక లోపల పాములా మెలికలు తిరిగింది. "ఇ...చ్చి...న!"

కర్రెన్న వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. వాడు కూర్చుండిపోయి ఆమె వైపు చూశాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చి...న!"

ముందు కాళ్లూ పడిపోయాయి. నురగ కక్కుతూ, ఆ స్థితిలో కూడా వాడు పాకుతూ వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించాడు. గుండె బద్దలైపోయింది అరుంధతికి!

"ఆఖరుసారి! ఇచ్చినవా?"

"ఇచ్చిన!"

పడిపోయింది మూడో మాట! కపాలం దవడలు పటపటా తెరుచుకున్నాయి! వెంకట్రాం ఆనందంతో చేతులు పైకెత్తాడు. కానీ... ఆ మూర్ఖుడు కట్టింది ఒక్క మాటను! ఆ మాట తీరిపోగానే నాలుక మళ్లీ అరుంధతిదే అయింది. కళ్ల ముందు బిడ్డ ప్రాణం పోతుంటే ఆ ప్రాంతపు తల్లి ఎవరైనా ఏమంటుంది? ఆలోచించి అనదు. కడుపులోంచి అదే వస్తుంది!

"నీకే ఇచ్చిన సమ్మక్క తల్లీ!" అని గుండెలు అవిసేలా కేక పెట్టింది అరుంధతి. "వీడు ఇగ నీ బిడ్డ! నీ గద్దె కాడికి తెస్త, నిలువెత్తు బంగారం జోకిస్త! కాపాడు తల్లీ!"

చున్నీ అంచుకు గబగబా ముడి వేసింది.

ఆ అడవిలో బంగారమంటే బెల్లం. మొక్కుకున్న బిడ్డ బరువుకు బెల్లం తూచి వనదేవతకు అర్పించడం అక్కడి ఆచారం. ముడి పడిన క్షణం నుంచి మొక్కు తీరేదాకా ఆ ప్రాణి అమ్మవారి సొత్తు. మనిషైనా, పిశాచమైనా దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. వెంకట్రాంకు తంత్రగ్రంథాలు వచ్చు గానీ తల్లులు మొక్కే మొక్కులు తెలియవు. ఎవరికి ఇవ్వాలో కట్టడం వాడికి తట్టనే లేదు!

గుడ్లగూబలు ఒక్కసారిగా నోరు మూశాయి. ఎక్కడో గుట్టల మీద డోలు మోగింది... ఢమ్! గుగ్గిలం పొగను చీల్చుకుంటూ పసుపు వాసన వచ్చింది. వెదురు పొదలు గాలి లేకుండా ఊగాయి.

"ఆమె సొత్తా?" కపాలం గజగజ వణికింది. "ఆమె సొత్తును నా నోటికి అందించావా పాపీ!"

"ఎవ్వడ్రా... నా బిడ్డను అడిగినోడు?"

గోతి ఒడ్డు మీద వీరమ్మ! మూడేళ్లుగా వంగిపోయిన నడుము నిటారుగా నిలిచింది! నెరిసిన జుట్టు ఎగిసిపడుతోంది! ఆ ముఖం వీరమ్మదే, ఆ చూపు మాత్రం వీరమ్మది కాదు... అడవినంతా ఏలే తల్లిది! ఒక్క దూకున గోతిలోకి దిగి కపాలం మీద కాలు మోపింది. కపాలం పిండిపిండి అయిపోయింది!

"తల్లీ! తప్పయింది! కాళ్లు మొక్కుత!" వెంకట్రాం నేల మీద పడి పొర్లాడు.

"తొమ్మిదిమంది తల్లులు గిట్లనే ఏడ్చిన్రు గద! అప్పుడు నీ చెవులు ఏడ పెట్టినవురా?"

ఆమె నేలను అరచేత్తో ఒక్కసారి చరిచింది. గోతి అడుగు నుంచి మొరుగుడు లేచింది! ఒకటి కాదు... తొమ్మిది గొంతులు! మట్టి వెంకట్రాం మోకాళ్ల దాకా మింగింది. నడుము దాకా మింగింది. వాడు వేళ్లతో గోడలు గీరుకుంటూ పెట్టిన చావుకేక టేకుచెట్ల మీదుగా పోయి గుట్టలకు తగిలి తిరిగి వచ్చింది... అంతే! అరుంధతి కర్రెన్నను ఎత్తుకుని, వీరమ్మ రెక్క పట్టుకుని పైకి ఎక్కేసరికి వాళ్ల వెనక గొయ్యి పూడిపోయింది. నిధి ఉందో లేదో గానీ, దాని కోసం తవ్వినవాడు మాత్రం అక్కడే ఉండిపోయాడు.

వీరమ్మకు పూనకం దిగిపోయింది. తడబడుతూ గేటు దాకా నడిచి, అలవాటు కొద్దీ గీత దగ్గర ఆగింది. తర్వాత ఒక కాలు బయట పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. ఎర్రమట్టి రోడ్డు మధ్యలో చతికిలబడి, "నర్సింహులపేట బస్సు ఎన్నింటికి బిడ్డా?" అని అడిగి బావురుమంది. ఆమెను బస్సు ఎక్కించి, చేతిలో చార్జీ పెట్టాకే వాళ్లు కదిలారు.

భూపాలపల్లిలో దుర్గయ్య అనే వ్యాపారి బెల్లం కొట్టు ముందు కారు ఆపారు. కర్రెన్నకు ఇంకా కాళ్లు తూలుతున్నాయి.

"కుక్కకా అక్కా నిలువెత్తు బంగారం?" దుర్గయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. "చిత్రంగున్నది!"

"కొడుక్కు," అన్నాడు మహీధర్. అరుంధతి అతని వైపు చూసింది. అతను కర్రెన్నను తానే ఎత్తి తక్కెట్లో కూర్చోబెట్టాడు. బెల్లం మూటను కూడా తానే భుజాన వేసుకున్నాడు.

సాయంత్రానికి మేడారం చేరారు. జాతర రోజులు కావు. అమ్మవార్లు కొలువుండే గద్దెల దగ్గర పదిమంది కూడా లేరు. అరుంధతి గద్దె ముందు బెల్లం దించి, చున్నీ ముడి విప్పి దండం పెట్టింది. తర్వాత అసలు పని మిగిలింది. బెల్లం ఇచ్చినంత మాత్రాన మొక్కు తీరదు, ఇచ్చిన బిడ్డను మళ్లీ అడిగి తీసుకోవాలి. అమ్మ ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే ఒట్టి చేతులతో పోవాలి. పిలిచి లాక్కుంటే మొక్కు తప్పినట్టే.

ఆమె కర్రెన్న మెడ తాడు విప్పింది. "నీ బిడ్డ తల్లీ. ఇస్తె తీస్కపోత... నీ దగ్గర ఉంచుకుంట అంటే గూడ సరే," అంది. విప్పిన తాడును రెండు చేతులకూ చుట్టుకుంది.

కర్రెన్న మెల్లగా నడుచుకుంటూ గద్దె వైపు వెళ్లాడు. వెనక్కి చూడలేదు. అమ్మవారికి గుర్తుగా నిలిపిన వెదురు కంకను వాసన చూశాడు, బెల్లం ముద్దను నాకాడు, అక్కడే పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. అరుంధతి కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది.

"తల్లీ, కుక్కనే గద అన్నది నేను," మహీధర్ గొంతు పక్కనే వినిపించింది. "తప్పు నాది. ఆమెది ఆమెకు ఇయ్యి." ఇంత మనిషీ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

అరుంధతి కళ్లు తెరవలేదు. కాసేపటికి అరచేతికి తడిగా, బెల్లం జిగటతో ఒక మూతి తగిలింది.